దానియేలు తగ్గాల్సిన పది కిలోలు

మా బ్యాంకులో ఎవరూ ఏదీ ఆపకూడదని నిర్ణయమైన ఏడాది నేను మండపేట శాఖలో ‘మే ఐ హెల్ప్ యూ’ అని రాసి ఉన్న బల్ల వెనక కూర్చునేదాన్ని. నా పేరు భ్రమరాంబ. ఆ బోర్డు సర్వీసులో నాకంటే సీనియర్. మేమిద్దరం కలిసి అప్పటికి ఎవరికీ పెద్దగా సాయం చేసిన దాఖలాలు లేవు.

నిర్ణయం ఎలా జరిగిందంటే, మా చైర్మన్‌గారు సముద్రం ఒడ్డున ఒక హోటల్లో మూడు రోజుల సదస్సుకి వెళ్లారు. అక్కడ ఒక పండితుడు తెర మీద బొమ్మలు వేసి, బ్యాంకులకి అసలు ముప్పు ఎగవేతదారుల వల్ల కాదు, దొంగల వల్లా కాదు, మొదలుపెట్టినదాన్ని మధ్యలో ఆపేసే ఖాతాదారుల వల్లేనని తేల్చాడట. చైర్మన్‌గారు తిరిగొచ్చి అరవై రెండు పేజీల ‘అనుబంధ నిరంతరతా విధానం’ విడుదల చేశారు. దాని సారాంశం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మొదలైంది నడవాలి.

మరుసటి వారం ఫోన్లోని మా బ్యాంకు యాప్‌లో ఆటోపే పేజీ నుంచి ‘ఆపు’ అనే బటన్ మాయమైంది. దాని చోట మూడు బటన్లు వచ్చాయి. ‘కొనసాగించు’, ‘మరింత కొనసాగించు’, ‘తర్వాత కొనసాగించు’. ఖాతాదారుడికి ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలని పద్నాలుగో పేజీలో రాసి ఉంది.

శాఖలో కూడా ఆ మాట వాడకూడదన్నారు. హాల్లో గోడ గడియారం నిలిచిపోతే రిజిస్టరులో ‘ఆగిపోయినది’ అని రాశాను. మేనేజరుగారు ఎర్ర సిరాతో కొట్టేసి ‘అదే సమయమును కొనసాగించుచున్నది’ అని దిద్దారు.

అలాంటి రోజుల్లో పలివెల దానియేలు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండుమేళం చూసినవాళ్లెవరికైనా మా చుట్టుపక్కల దానియేలు తెలుసు. క్లారినెట్ వాయిస్తాడు. యాభై ఏళ్లుంటాయి. పొడుగు మనిషి. చొక్కా కొక్కేనికి వేలాడుతున్నప్పుడు ఎలా ఉంటుందో అతని ఒంటి మీదా అలాగే ఉంటుంది. క్లారినెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“మేడంగారూ, నా ఖాతాలోంచి నెలనెలా మూడొందలు పోతన్నాయండి. ఆపించాలి” అన్నాడు.

“దేనికి పోతున్నాయి?”

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “సన్నబడ్డానికండి.”

నేను అతన్ని చూశాను. అతనూ ఒకసారి తనవైపు చూసుకున్నాడు.

జరిగింది ఇదీ. మాఘమాసంలో ఒక పెళ్లివారు కొత్త పాట వాయించమన్నారు. దానియేలు ఫోన్లో ఆ పాట పెట్టుకుని వరస పట్టుకుంటుంటే మధ్యలో ఒక ప్రకటన అడ్డొచ్చింది. దాన్ని తీసేద్దామని మూలనున్న ఇంటూ గుర్తు నొక్కాడు. అది ఇంటూ కాదు, అంగీకారం. ‘తేలిక జీవితం’ అనే బరువు తగ్గించే యాప్‌లో చేరిపోయాడు. మొదటి నెల ఒక్క రూపాయి. రెండో నెల నుంచి మూడొందలు.

“డబ్బులు ఒకెత్తండి” అన్నాడు దానియేలు. “రోజూ పొద్దున్నే అయిదింటికి ఫోను మోగుద్ది. ‘దానియేలు గారూ, శుభోదయం, ఈ పూట అన్నం మానేద్దామా?’ అంటాదండి ఒకావిడ, ఎంతో మర్యాదగా. మా చిన్నప్పుడు ఇంట్లో బియ్యం లేక మానేసేవోళ్లమండి. ఇప్పుడు నెలకి మూడొందలు కట్టి మరీ మానెయ్యమనిపించుకుంటన్నాను. పక్కనున్న మా ఇంటావిడ కరుణమ్మ అదంతా వింటా ఉంటాదండి. ఓ రోజు ఏడిచేసింది.”

అరవై రెండు పేజీల్లో దీనికి జవాబు ఏ పేజీలో ఉందో నాకు గుర్తు రాలేదు. అతన్ని మేనేజరు గదిలోకి తీసుకెళ్లాను.

మా మేనేజరు చామర్తి సుదర్శనంగారు చెడ్డవారు కాదు. కొందరికి కళ్లజోడు లేకపోతే ఎదుటి మనిషి కనపడనట్టు, ఆయనకి సర్క్యులర్ లేకపోతే కనపడడు. అంతే.

“ఈయన ఆటోపే ఆపాలంటున్నారండీ” అన్నాను.

“ఆ మాట వాడకండి. విరామాభ్యర్థన అనండి” అని సర్క్యులర్ తీశారు. తొమ్మిదో క్లాజు గట్టిగా చదివారు. “స్వయంచాలక చెల్లింపు ఏ ప్రయోజనార్థమై ప్రారంభించబడినదో, సదరు ప్రయోజనము నెరవేరినట్లు రుజువైన పిమ్మట మాత్రమే విరామము పరిశీలించబడును.” కళ్లజోడు పైనుంచి చూశారు. “మీ ప్రయోజనం ఏమిటి?”

“నాకేం ప్రయోజనం లేదండి. అదే చెప్తన్నాను.”

“మీకు లేకపోవచ్చు. చెల్లింపుకి ఉంటుంది.”

ఫోన్ చూస్తే ఉంది. ‘మీ లక్ష్యం: పది కిలోలు తగ్గడం.’ యాప్ తనంతట తానే పెట్టింది. సుదర్శనంగారి ముఖం విప్పారింది. “మరింకేం! పది కిలోలు తగ్గి రండి. నేనే స్వయంగా సంతకం పెడతాను.”

ఎదురుగా మందుల షాపులో తూచుకుని వచ్చాడు. నలభై ఏడు. అక్కణ్నుంచి గవర్నమెంటు ఆసుపత్రికి పంపాం, తగ్గవచ్చునో లేదో కాగితం రాయించుకు రమ్మని. డాక్టరమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసి, “ఇందులోంచి పది కిలోలు తీస్తే మిగిలేది క్లారినెట్టే” అందట. కాగితం మీద మాత్రం ‘ఇతడు గ్రాము కూడా తగ్గరాదు’ అని రాసింది.

ఆ కాగితం ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లింది. మూడు వారాల తరవాత ప్రాంతీయాధికారి దివాకరవర్మగారు వీడియోలో కనిపించారు. వెనక గోడ మీద నది ప్రవహిస్తున్న పెద్ద బొమ్మ. దానియేలు చేతులు కట్టుకుని తెర ముందు నిలబడ్డాడు.

“దానియేలుగారూ, మీ సమస్యని మేము మూడు స్థాయిల్లో అధ్యయనం చేశాం” అన్నారు వర్మగారు. “మీరు తగ్గలేకపోవడం సమస్య కాదు. తగ్గించుకోవడానికి మీ దగ్గర నిల్వ లేకపోవడం సమస్య. నిల్వ లేని ఖాతా నుంచి ఎవరైనా ఎలా తీస్తారు? కనుక ముందు జమ, తరువాత ఖర్చు.”

“అంటేనండి?”

“ముందు పెరగండి. పెరిగాక తగ్గండి.”

“తమరు తిండి పెడతారాండి?” అని దానియేలు వేళాకోళానికే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను కనక చెప్పగలను. కానీ తెర మీద వర్మగారు గంభీరంగా తలూపి ఏదో రాసుకున్నారు.

ఆ విధంగా మా బ్యాంకులో ‘పుష్టి రుణం’ పుట్టింది. దరఖాస్తు నేనే నింపాను. ఆస్తి వివరాలు అన్న చోట ‘ప్రస్తుతం లేదు, పెరుగును’ అని రాశాను. డబ్బు చేతికిస్తే దారి మళ్లుతుందని నిబంధన, అందుకని నెయ్యి కొట్టుకీ కోడిగుడ్ల షాపుకీ పాలకేంద్రానికీ అతని రుణఖాతా నుంచి నేరుగా వెళ్లేట్టు మూడు ఆటోపేలు పెట్టారు. ఒకటి ఆపమని వచ్చిన మనిషి నాలుగింటితో ఇంటికి వెళ్లాడు. కిస్తీతో కలిపి అయిదు.

“మీరెందుకు ఒప్పుకున్నారు?” అని అడిగాను.

“ఏం చెయ్యమంటారండి? నేను కాదన్నవన్నీ ఔనని రాసుకుంటన్నారు. ఔనంటేనైనా కాదని రాసుకుంటారేమోనని” అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా మొగుడికి ఒళ్లు చేయించాలని చూసి ఓడిపోయిన కరుణమ్మకి మాత్రం మొదట్లో ఇది దేవుడు పంపిన రుణంలా కనపడింది. నెయ్యి వేసిన పప్పన్నం, పొద్దున రెండు గుడ్లు, పడుకోబోయే ముందు గ్లాసు నిండా పాలు. అయిదింటికి ఫోనులో ఆవిడ అన్నం మానేద్దామా అంటుంటే, అయిదున్నరకి కరుణమ్మ ఇంకో రెండు ముద్దలు తిను అనేది. దానియేలు రెండువైపులకీ “ఆయ్, అలాగేనండి” అనేవాడు.

మూడు నెలల్లో యాభై తొమ్మిదికి వచ్చాడు. బుగ్గలు నిండాయి. బొజ్జ కొంచెం ముందుకొచ్చింది. రుణ విభాగం నుంచి ఒకాయన తనిఖీకి వచ్చి, తూచి, ఫొటో తీసి, ట్రాక్టర్ల మీద అంటించే స్టిక్కరు లాంటిది బ్యాడ్జీగా చేయించి దానియేలు బెల్టుకి తగిలించాడు. ‘ఈ ఆస్తి బ్యాంకువారి తాకట్టులో ఉన్నది.’ రుణంతో సమకూరిన కొవ్వు రుణం తీరేదాకా బ్యాంకుదే. అనుమతి లేకుండా కరిగించకూడదు. ఎక్కువ దూరం నడవకూడదు. ఎండలో తిరిగితే తరుగు కింద లెక్క.

శ్రావణమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. ద్వారపూడి పెళ్లిలో ఏం జరిగిందో దానియేలే వచ్చి చెప్పాడు. ఆవేళ అతని ఒళ్లో క్లారినెట్ పెట్టె లేదు.

“కోటు గుండీలు పట్టలేదండి. పిన్నీసులు పెట్టుకున్నాను. రెండో పాటకే ఊపిరి అందలేదు. ముప్పయ్యేళ్ల నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి వాయించినోణ్ని, వీధి మలుపు తిరక్కుండానే నోరు తెరిచేశాను. పెళ్లికొడుకు స్నేహితులు బ్యాడ్జీ చదివి నవ్వారండి. మా బ్యాండు మేస్త్రిగారేమో పక్కన కూచో దానియేలూ, ఈ పూటకి ట్రంపెట్టుతో లాగిద్దాం అన్నారు. మర్యాదగానే అన్నార్లెండి.” కుర్చీలోంచి లేచాడు. “రేపణ్నించి తెల్లారగట్ల గోదారి కాలవ గట్టెంట నడుస్తాను. బ్యాంకోళ్లు ఏమనుకుంటే అనుకోనియ్యండి.”

నడిచాడు. రెండు కిలోలు తగ్గాడు కూడా. దానికి ఫలితంగా ఒకే రోజు రెండు రిజిస్టర్డ్ ఉత్తరాలు వచ్చాయి. నిరంతరతా విభాగం ‘ముప్పై రోజుల్లో మిగిలిన ఎనిమిది కిలోలు తగ్గని యెడల మీ విరామాభ్యర్థన రద్దగును’ అంది. రుణ విభాగం ‘తాకట్టు ఆస్తిలో రెండు కిలోలు దుర్వినియోగమైనట్లు మా దృష్టికి వచ్చినది, ఇకపై ఒక్క కిలో తగ్గినను చట్టపరమైన చర్య తీసుకొనబడును’ అంది.

రెండూ తీసుకెళ్లి సుదర్శనంగారి ముందు పెట్టాను. ఆయన మొదటిది చదివి తలూపారు. రెండోది చదివి దానికీ తలూపారు.

“రెండూ సక్రమంగానే ఉన్నాయి” అన్నారు.

“మరి నేనేం చెయ్యాలండి?” అన్నాడు దానియేలు.

“మీరు రెంటినీ గౌరవించాలి.”

దానియేలు ఉత్తరాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. మెట్ల దగ్గర నిలబడి, “మేడంగారూ, వీళ్లు మనల్ని బాధపెట్టాలని చెయ్యట్లేదండి. అదే నాకు భయంగా ఉంది. తిడదామంటే తిట్టేంత చెడ్డోడు ఒక్కడూ దొరకట్లేదు” అన్నాడు.

భాద్రపదంలో దివాకరవర్మగారు ‘నిరంతరతా వారోత్సవం’ ప్రారంభించడానికి మా శాఖకి వచ్చారు. పూలదండలు, రిబ్బను, విలేకరులు ఇద్దరు. ఒకే ఖాతాదారుడికి అయిదు ఆటోపేలు ఉన్న ఘనత జిల్లాలో మా శాఖదేనట. దానియేలుని వేదిక ఎక్కించి శాలువా కప్పారు.

“ఈయన సామాన్యుడు కాదు” అన్నారు వర్మగారు మైకులో. “ఆపాలని వచ్చి అయిదు కొనసాగిస్తున్న మహనీయుడు! వీరిని మన ‘నిరంతరతా రాయబారి’గా ప్రకటిస్తున్నాను. నెలకు రెండు వేల రూపాయల గౌరవ వేతనం బ్యాంకు ఖాతా నుంచి స్వయంచాలకంగా వీరికి జమ అవుతుంది!”

చప్పట్లు కొట్టారు. వేదిక పక్కన కంప్యూటర్ దగ్గర నేను కూర్చున్నాను. విలేకరుల ముందే ఆ చెల్లింపు మొదలుపెట్టాలి. వివరాలు నింపుతూ ఒక గడి దగ్గర నిలిచాను.

“సార్, ప్రయోజనం ఏమని రాయమంటారు? అది లేకపోతే ముందుకి వెళ్లడం లేదు.”

వర్మగారు ఆలోచనలో పడ్డారు. ఘనంగా ఏదైనా చెప్పాలి, విలేకరులు పెన్నులు పట్టుకుని ఉన్నారు. అప్పుడు దానియేలు శాలువా సర్దుకుని, రెండు చేతులూ జోడించి, వినయంగా అన్నాడు.

“తమరి బ్యాంకులో ఖాతాలున్నోళ్లంతా పూర్తిగా తృప్తిపడేదాకా అని రాయించండయ్యా.”

“అద్భుతం!” అన్నారు వర్మగారు. “అదే రాయండి.”

నేను దానియేలు ముఖంలోకి చూశాను. అందులో ఏమీ లేదు. పాట ఎత్తుకోబోయే ముందు క్లారినెట్ వాయించేవాళ్ల ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. మాట పొల్లు పోకుండా టైపు చేసి ‘కొనసాగించు’ నొక్కాను.

ఆ రెండు వేలతో కిస్తీ కట్టగా ఇంకా మిగిలేది. కిస్తీ వేళకి అందుతుండేసరికి రుణ విభాగానికి కొవ్వు మీద బెంగ తగ్గింది, బ్యాడ్జీ వెనక్కి తీసుకున్నారు. దానియేలు కాలవ గట్టు వెంట నడక పెంచాడు.

సంక్షోభం ఆడిట్‌లో వచ్చింది. ప్రధాన కార్యాలయానికి వచ్చిన ఆడిటర్లు, ఒక బ్యాండువాడికి బ్యాంకు జీవితాంతం జీతం ఎందుకిస్తోందని అడిగారు. ఆపేయమని చైర్మన్‌గారు ఆజ్ఞాపించారు. ఆ గదిలో ఆ మాట పలికి ఏడాది దాటిందట, అందరూ కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. తీరా కంప్యూటర్ తెరిస్తే మూడు బటన్లే ఉన్నాయి. కొనసాగించు. మరింత కొనసాగించు. తర్వాత కొనసాగించు.

పాత ‘ఆపు’ బటన్‌ని తిరిగి తేవచ్చునని ఇంజనీర్లు చెప్పారు. కాకపోతే అది ఒక్క ఖాతాకి పెట్టేది కాదు, తెస్తే అందరికీ వస్తుంది. కమిటీ కూర్చుని, ఒక మంగళవారం పదకొండు నుంచి పన్నెండు దాకా గంటసేపు మాత్రం తెచ్చి, పని కానిచ్చి తీసేద్దామని తీర్మానించింది. ఆ తీర్మానం ‘అతి గోప్యం’ అన్న ముద్రతో శాఖలన్నిటికీ వచ్చింది.

గోప్యమైన కాగితాలు ఖాతాదారులకి చూపించకూడదని నిబంధన. చదివి వినిపించకూడదని ఎక్కడా లేదు. సోమవారమంతా నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లందరికీ వినిపించాను. ఆ బోర్డు కింద కూర్చున్నందుకు మొదటిసారి గొంతు నొప్పి పుట్టింది.

మంగళవారం పదిన్నరకే హాలు నిండిపోయింది. అందరి చేతుల్లో ఫోన్లు. పదకొండయింది. “వచ్చిందండోయ్!” అని ఎవరో అరిచారు. అందరూ ఫోన్ల మీదికి వంగారు. నొక్కుతున్నారు. అమ్మేసిన గేదెకి ఏడాదిగా బీమా కడుతున్న ఒకావిడ నొక్కి కొంగుతో కళ్లు తుడుచుకుంది. శివాలయం పూజారిగారు తనకి తెలియకుండా చేరిన ఈత నేర్పే తరగతుల నుంచి బయటపడ్డారు. పదకొండున్నరకి మేనేజరు గది తలుపు తెరుచుకుంది. సుదర్శనంగారు ఫోన్ పట్టుకుని నా పక్కకొచ్చి, ఎవరికీ వినపడకుండా, “భ్రమరాంబగారూ, ఎక్కడ నొక్కాలి?” అన్నారు. చూపించాను. ఆయన ఏది ఆపుకున్నారో నేను అడగలేదు. నొక్కాక మాత్రం సర్క్యులర్ లేకుండానే నా ముఖంలోకి చూసి నవ్వారు.

దానియేలు వరసగా నొక్కాడు. నెయ్యి, గుడ్లు, పాలు. ‘తేలిక జీవితం’ దగ్గరికొచ్చేసరికి పక్కనున్న భార్యకి ఫోనిచ్చాడు. “నువ్వు నొక్కవే” అన్నాడు. కరుణమ్మ చూపుడువేలు చీరకి తుడుచుకుని, బటన్ విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా నొక్కింది.

పన్నెండింటికి బటన్ పోయింది.

ప్రధాన కార్యాలయంలో ఆ గంటసేపూ కంప్యూటర్ ముందు నలుగురు అధికారులు సిద్ధంగానే కూర్చున్నారట. దానియేలు గౌరవ వేతనం తెర మీద ఉంది, పక్కనే బటన్ వెలుగుతోంది. కానీ నొక్కడానికి విరామాభ్యర్థనా కమిటీ రాతపూర్వక అనుమతి కావాలి. అది మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. ఈలోగా ఆ ఒక్క గంటలో ఎంతమంది ఎన్ని ఆపారో లెక్క చూసుకుని, ఆ బటన్ ఇక ఏ పరిస్థితిలోనూ తేకూడదని చైర్మన్‌గారు సంతకం చేశారు.

నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ‘బోర్డు మీద ఉన్నదే చేశాను’ అని జవాబు రాశాను. దాని మీద విచారణ ఇంకా కొనసాగుతోంది.

దానియేలు ఇప్పుడు యాభై రెండు కిలోలు. డాక్టరమ్మ చాలంది. కోటు గుండీలు పడుతున్నాయి, ఊరేగింపుకి ముందు వరసలోనే నడుస్తున్నాడు. పుష్టి రుణం తీరిపోయింది. రెండు వేలు మాత్రం ఒకటో తారీఖున వచ్చి పడుతూనే ఉన్నాయి. ఆడిట్ వాళ్లు ఊరుకోరు కనక, ఆ చెల్లింపు ఎందుకు నడుస్తోందో మూడు నెలలకోసారి శాఖ నుంచి ధ్రువపత్రం వెళ్లాలి. నేను టైపు చేస్తాను, సుదర్శనంగారు సంతకం పెడతారు.

‘మా బ్యాంకు ఖాతాదారులు ఇప్పటివరకు పూర్తిగా సంతృప్తి చెందలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’

మా శాఖ నుంచి వెళ్లే కాగితాల్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేనిది అదొక్కటే.